ముందు గుమ్మం నుంచే

సాలేహాకి ఇంజనీరింగు సీటొచ్చిందని తెలిసిన రోజు విజయవాడ ఇస్లాంపేటలో వాళ్ళ సందు సందంతా నోరు తీపి చేసుకుంది గానీ, ఆ కాలేజీలో మెట్లెలా ఉంటాయోనన్న ఆలోచన ఎవరికీ రాలేదు. తొంభై నాలుగో సంవత్సరం మాట ఇది. ఆమె తండ్రి నాగుల్ మీరాకి గవర్నర్‌పేటలో గొడుగులూ, రెయిన్‌కోట్లూ, స్కూలు సంచులూ అమ్మే చిన్న కొట్టుండేది. ర్యాంకు పడిన పేపరు ముక్కను కొట్లో అద్దానికి అంటించి, బేరానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించాడాయన. "మా అమ్మాయండీ. సివిల్ తీసుకుంది. రేపు బ్యారేజీలు కడుతుంది," అనేవాడు. కొన్నవాళ్ళూ కొననివాళ్ళూ కూడా సంతోషపడి వెళ్ళేవాళ్ళు.

పసితనంలో వచ్చిన పోలియో జ్వరం సాలేహా కుడికాలి సత్తువ తీసుకుపోయింది. ఆ కాలికి ఇనప పట్టీల కాలిపరు, రెండు చంకల కిందా కర్రలు. నేల చదునుగా ఉంటే ఆమె ఎవరికీ వెనకపడేది కాదు. చదివిన బడీ, ఇంటర్ కాలేజీ నేల మీదే ఉన్నాయి కాబట్టి పన్నెండో తరగతి దాకా పెద్ద చిక్కు రాలేదు. ఇంజనీరింగు కాలేజీ మాత్రం ఇబ్రహీంపట్నం దాటాక రోడ్డుకి కాస్త లోపలగా, కొత్తగా కట్టిన మూడంతస్తుల మేడ. డ్రాయింగు హాలు అన్నిటికన్నా పైన పెట్టారు. కిటికీల్లోంచి వెలుతురు బాగా వస్తుందట. ఆ కిటికీల్లోంచి థర్మల్ స్టేషను పొగగొట్టాలు కూడా కనిపిస్తాయని పిల్లలు చెప్పుకునేవాళ్ళు.

ప్రిన్సిపాలు మంచిమనిషి. అమ్మాయిని చూసి జాలిపడి, చెక్క కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకెళ్ళడానికి ఇద్దరు అటెండర్లని పురమాయించాడు. వాళ్ళలో పెద్దవాడు రత్తయ్య. "నువ్వు బరువేం కాదులే అమ్మా, మా ఇంట్లో బియ్యం బస్తా నీకన్నా బరువు," అని నవ్వించడానికి చూసేవాడు. మెట్ల మీద అటూ ఇటూ నిలబడ్డ పిల్లలు దారిచ్చేవాళ్ళు. ఎవరో ఒకరు "పాపం" అనేవాళ్ళు. సాలేహా ఒక చేత్తో చున్నీ, ఒక చేత్తో కుర్చీ పట్టుకుని, పైకెళ్ళాక ఇద్దరికీ పేరుపేరునా థ్యాంక్స్ చెప్పేది. దిగాక మళ్ళీ చెప్పేది. డ్రాయింగు ఉన్న రోజున పొద్దున్నుంచీ మంచినీళ్ళు ముట్టేది కాదు. ఒకసారి పైకెక్కాక బాత్రూముకని కిందికి దించమని ఆ పెద్దమనుషుల్ని ఎలా అడుగుతుంది?

ఈ సంగతి కనిపెట్టింది పక్క సీటు శివపార్వతి. కూచిపూడి దగ్గర పల్లెటూరు, రైతుల ఇంటి పిల్ల. మాట కరుకు.

"నీ పెదాలు చూస్కో, ఎండిపోయిన చెరువులాగున్నయ్. ఎందుకే ఇట్టా చస్తావు? అడిగితే దించరా?"

"దించుతారు. మళ్ళీ ఎక్కిస్తారు. మళ్ళీ థ్యాంక్స్ చెప్పాలి," అంది సాలేహా.

ఇంటికొస్తే తల్లి నసీమా రోజూ ఒకటే చెప్పేది. "అల్లా దయ వల్ల మంచివాళ్ళు దొరికారు. నమాజులో వాళ్ళని తలుచుకో బేటీ." సాలేహా తలుచుకునేది కూడా. రత్తయ్య మోకాళ్ళు చల్లగా ఉండాలని నిజంగానే కోరుకునేది. కానీ ఆ తలుచుకోవడంలో ఏదో ఒక ముల్లు ఉండేది. మిగతా పిల్లలకి చదువు ఉట్టినే దొరుకుతోంది, తనకి మాత్రం ప్రతి మెట్టుకీ ఒక దణ్ణం పెట్టాల్సి వస్తోంది. ఇది కృతఘ్నత కాదా అని తన మీద తనకే కోపం వచ్చేది.

శ్రావణంలో ఒక వానరోజు. మెట్ల మలుపులో గచ్చు తడిసి ఉంది. రత్తయ్య కాలు జారింది. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. సాలేహా కటకటాల రెయిలింగు పట్టుకుని వేలాడి ఎలాగో నిలదొక్కుకుంది. ఆమెకి మోచెయ్యి మాత్రమే గీరుకుపోయింది. రత్తయ్య మాత్రం మోకాలు పట్టుకుని అక్కడే కూలబడిపోయాడు. డ్రాయింగు బోర్డు దడదడమని మెట్ల మీదుగా కిందిదాకా వెళ్ళింది. "నాకేం కాలేదమ్మా, నాకేం కాలేదు," అంటూనే ఉన్నాడు రత్తయ్య, ముఖం వంకర్లు పోతున్నా. తన నొప్పికి రాని ఏడుపు సాలేహాకి ఆయన్ని చూసి వచ్చింది.

అప్పుడే కిందనుంచి వస్తున్న రామకోటేశ్వరరావు మాస్టారు ఆ బోర్డూ, టీ-స్క్వేరూ తీసుకుని పైకొచ్చాడు. డ్రాయింగు చెప్పేది ఆయనే. గీత కాస్త మందంగా పడితే షీటు మొత్తం మళ్ళీ వెయ్యమనే మనిషి. పిల్లలకి ఆయనంటే సింహస్వప్నం. ఆ రోజు ఆయన రత్తయ్యని ఆస్పత్రికి పంపించి, క్లాసు చెప్పి వెళ్ళిపోయాడు.

మరుసటి వారం నోటీసు బోర్డులో ఒక్క వాక్యం కనిపించింది: ఇకనుంచి డ్రాయింగు క్లాసు వర్క్‌షాపు పక్కనున్న పాత స్టోరు రూములో. వెళ్ళి చూస్తే సిమెంటు బస్తాలూ, తుప్పుపట్టిన సామానూ ఎత్తివేసి, గోడలకి సున్నం కొట్టించి, పైనున్న బల్లలన్నీ దించి వేశారు. సున్నం తడి ఇంకా ఆరలేదు. ప్రిన్సిపాలు వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇక్కడ వెలుతురు చాలదేమోనండీ రామకోటేశ్వరరావుగారూ," అన్నాడు.

"ట్యూబులైట్లు బిగిస్తే వస్తుంది గదండీ వెలుతురు," అన్నాడు మాస్టారు, బల్లలు సర్దుతూనే. "డ్రాయింగు పైనే చెప్పాలని ఎవరూ శాసనం రాయలేదు."

సాయంత్రం అందరూ వెళ్ళాక సాలేహా ఆయన దగ్గరికెళ్ళింది. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంది. "సార్, మీ మేలు..." అని మొదలుపెట్టేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏం మేలమ్మా? బల్లలు కిందికి దించాను. క్లాసు క్లాసంతా రెండంతస్తులెక్కే బాధ తప్పించుకుంది. వాళ్ళెవరూ వచ్చి నాకు థ్యాంక్స్ చెప్పలేదే. నువ్వెందుకు చెప్పాలి?" అని, కళ్ళజోడు పెట్టుకుని, "నీ టాప్ వ్యూలో దాగిన గీతలు సరిగ్గా రావటం లేదు. రేపు మళ్ళీ వేసుకురా," అన్నాడు.

ఆ మాటకి ఆమెకి సంతోషంతో నవ్వొచ్చింది. ఇంటికెళ్ళి షీటు మళ్ళీ వేసింది. ఆ రాత్రి తల్లి చెప్పకుండానే మాస్టారిని నమాజులో తలుచుకుంది. ఈసారి ముల్లేమీ గుచ్చుకోలేదు.

ఏళ్ళు గడిచాయి. శివపార్వతి సర్వీసు కమిషను పరీక్ష రాసి పంచాయతీరాజ్‌లో అసిస్టెంటు ఇంజనీరైంది. సాలేహా కాకినాడలో ఎంటెక్ చేసి, చదువుకున్న కాలేజీలోనే లెక్చరరుగా చేరింది. కర్రల వల్ల భుజాలు అరిగిపోతున్నాయని డాక్టర్లు చెబితే ఎక్కువ దూరాలకి చక్రాల కుర్చీ వాడటం మొదలుపెట్టింది. రోడ్డు మీదకి మాత్రం పక్క చక్రాలు బిగించిన స్కూటరు. బెంజి సర్కిల్లో ట్రాఫిక్ పోలీసులకి కూడా ఆ స్కూటరు గుర్తే. రామకోటేశ్వరరావు మాస్టారు రిటైరై సొంతూరు వెళ్ళిపోయాడు. థ్యాంక్స్ ఇష్టంలేని మనిషని తెలుసు గనక ప్రతి ఏడూ పరీక్షలయ్యాక ఆమె తన విద్యార్థులు వేసిన మంచి డ్రాయింగులు నాలుగు చుట్టచుట్టి ఆయనకి పంపేది. ఆయన ఎర్ర పెన్సిలుతో తప్పులు దిద్ది తిప్పి పంపేవాడు.

అప్పటికి వికలాంగుల చట్టం వచ్చి చాలా కాలమైంది. బిల్డింగుల్లో ర్యాంపులుండాలని అందులో ఉంది. కాలేజీవాళ్ళు కొత్త బ్లాకు కట్టినప్పుడు సాలేహా ఆ సంగతి గుర్తుచేసింది. చట్టం ప్రకారమే ర్యాంపు కట్టారు. జనరేటరు గది వెనక, ఎంత నిటారుగా అంటే సైకిలు మీద వచ్చినవాడు కూడా దిగి తోసుకుపోవాల్సిందే. రిబ్బను కట్ చేసే రోజున ఆమె ఆ ర్యాంపు మీద సగం దాకా వెళ్ళి, కుర్చీ వెనక్కి జారుతుంటే చక్రాలు రెండు చేతులా బిగబట్టి ఆగిపోయింది. ఎవరో వచ్చి తోశారు. థ్యాంక్స్ చెప్పింది.

అప్పటినుంచీ ఆమె తన బిల్డింగ్ డ్రాయింగు క్లాసులో ఒక షరతు పెట్టింది. "మీరు ఇల్లు గీసినా, సినిమా హాలు గీసినా సరే, నేను ముందు గుమ్మం నుంచే లోపలికి రాగలగాలి. రాలేకపోతే మీ డ్రాయింగు నేను చూడను. చూడటానికి లోపలికి రావాలి గదా."

పవన్‌కుమార్ అని ఆ బ్యాచిలో బాగా గీసే కుర్రాడు. గుడివాడ వైపు నుంచి వచ్చాడు. లైబ్రరీ గీయమంటే రాజమహల్లాగా గీశాడు. ముందు వెడల్పాటి మెట్లు, స్తంభాలు, వాటి నీడలతో సహా. సాలేహా ఆ షీటు మీద మెట్ల ముందు చిన్న చుక్క పెట్టి, పక్కన "నేను ఇక్కడే ఆగిపోయాను" అని రాసిచ్చింది. మార్కులు సగం పోయాయి. అతను రుసరుసలాడుతూ స్టాఫ్‌రూముకొచ్చాడు.

"మేడమ్, వెనకవైపు డోరిచ్చి ర్యాంపు వేశాను గదండీ. చూళ్ళేదా మీరు?"

"చూశాను. ఆ డోరులోంచి ఇంకెవరెవరొస్తారు పవన్?"

"సామాన్లు దించేవాళ్ళు, చెత్త తీసుకెళ్ళే..." అని మధ్యలో ఆగిపోయాడు. ముఖం ఎర్రబడింది. అయినా పంతం వదల్లేదు. "మీలాంటివాళ్ళు నూటికొకరు ఉంటారేమోనండీ. ఒక్కరి కోసం ముందువైపు ఎలివేషన్ మొత్తం మార్చాలా?"

సాలేహాకి కోపం రాలేదు. ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని నవ్వుతూ తిరిగే పెద్దమనుషుల కన్నా, ఎదురుగా అడిగిన ఈ పిల్లాడే నయమనిపించింది. "రేపొకపూట క్లాసు మానేసి ఏదైనా పెద్దాస్పత్రి మెట్ల ముందు కూర్చో. ఆ మెట్లెక్కడానికి ఎవరెవరు ఆగుతున్నారో బొమ్మలేసుకురా. నీ చెయ్యి మంచిది," అంది.

పవన్‌కుమార్ ఒకపూటకని వెళ్ళి రోజంతా ఉండిపోయాడు. మర్నాడు బొమ్మల కట్ట తెచ్చి ఆమె బల్ల మీద పరిచాడు. నెలలు నిండిన మనిషి మెట్టు మెట్టుకీ నడుం పట్టుకుని ఆగుతోంది. సెలైను సీసా ఎత్తిపట్టుకున్న కొడుకూ, వాడి భుజం మీద వాలిన తండ్రీ. చంటిపిల్లని ఎత్తుకుని, ఇంకొకణ్ణి చెయ్యి పట్టి లాగుతున్న తల్లి. కంటికి కట్టుతో కాలితో మెట్టు తడుముకుంటున్న ముసలాయన. ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకొచ్చి మెట్ల దగ్గర తల పట్టుకున్న వార్డుబాయి.

"చక్రాల కుర్చీలు రెండే వచ్చాయి మేడమ్," అన్నాడు నెమ్మదిగా. "మెట్ల దగ్గర ఆగినవాళ్ళని మాత్రం లెక్కపెట్టలేక మానేశాను."

సాలేహా ఆ బొమ్మల్ని తీసుకెళ్ళి ప్రిన్సిపాలు గది బల్ల మీద అలాగే పరిచింది. ఆయన చాలాసేపు చూశాడు. ఆ వేసవి సెలవుల్లో కొత్త బ్లాకుకి ముందువైపు, మెట్ల పక్కనే, నిదానమైన ర్యాంపు ఒకటి లేచింది. కాలేజీ తెరిచాక చూస్తే పిల్లలంతా మెట్లు వదిలేసి దాని మీదే కబుర్లాడుకుంటూ నడుస్తున్నారు.

రెండువేల తొమ్మిది ఎన్నికలప్పుడు శివపార్వతి ఫోను చేసింది.

"ఒసే, పోలింగు బూతులన్నిటికీ ర్యాంపులు పెట్టమని పైనుంచి ఆర్డరొచ్చింది. మా తహశీల్దారుగారు చెక్కపలకలు వేసి చేతులు దులుపుకుందామంటున్నారు. నువ్వొకసారి వచ్చి చూడు. మీ పిల్లల్ని కూడా తీసుకురా."

ఆ ఊరు కూచిపూడికి దగ్గర్లోనే, కాలవ గట్టు పక్కన. అప్పుడప్పుడూ వరద నీళ్ళు ఊళ్ళోకి వస్తాయని బడిని ఎత్తు పునాది మీద కట్టారు. మెట్ల దగ్గర నిలబడి చూస్తే నడుమెత్తుంది. సాలేహా, పవన్‌కుమార్, ఫైనలియర్ పిల్లలు కొంతమంది టేపు పట్టుకుని కొలిచారు. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలి. అలా వేస్తే ర్యాంపు గేటు దాటి రోడ్డు మీదకొస్తుంది.

తహశీల్దారుగారు గడ్డం గోక్కున్నారు. "ఇంత పొడుగేంటమ్మా? ఓటెయ్యటానికా, రైలెక్కటానికా? రెండు పలకలు ఏటవాలుగా పెట్టి ఇద్దరు కుర్రాళ్ళని నిలబెడదాం. ముసలాళ్ళని వాళ్ళే తోస్తారు."

"నన్ను తోయించి చూడండి సార్," అంది సాలేహా. పలకలు వేశారు. ఇద్దరు బలమైన కుర్రాళ్ళు కుర్చీ పట్టుకుని తోశారు. సగానికి వచ్చేసరికి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. కుర్రాళ్ళిద్దరూ గుడ్లు తేలేశారు. శివపార్వతి వెనకనుంచి పట్టుకోకపోతే ఏమయ్యేదో. తహశీల్దారుగారే ముందుకు పరిగెత్తుకొచ్చారు. కుర్చీ కిందికి దించాక జేబురుమాలుతో మెడ తుడుచుకుని, "సరేనమ్మా. మీరు చెప్పినట్టే కానీండి. కానీ చెక్క ఎక్కణ్ణించి తెచ్చేది?" అన్నారు.

దారి చూపించింది కాలవే. వేసవి కావడంతో కాలవలు కట్టేసి పూడిక తీస్తున్నారు. గట్టు పొడుగునా మట్టి గుట్టలుగా పడి ఉంది. "మెరక తోలిద్దాం," అంది శివపార్వతి. "మధ్యలో మలుపు తిప్పితే ప్రహరీ లోపలే సరిపోద్ది. పలకలైతే పోలింగైపోయాక తీసుకుపోతారు. మట్టైతే ఎక్కడికి పోద్ది?"

ఆ మాట ఊళ్ళో పాకింది. ట్రాక్టర్లున్న రైతులు ట్రక్కులతో పూడికమట్టి తోలారు. పక్క ఊళ్ళో ఉన్న రామకోటేశ్వరరావు మాస్టారికి కూడా తెలిసింది. పంచె ఎగ్గట్టి, తువ్వాలు తలకి చుట్టుకుని, తమ్ముడి ట్రాక్టరు మీద కంకర వేసుకుని దిగాడు. సాలేహా నమస్కారానికి తలూపి, నేరుగా పవన్‌కుమార్ దగ్గరికెళ్ళాడు. "ఏం బాబూ, ఒట్టి బంకమట్టి ఎండితే నెర్రెలిస్తది. ఇసకా కంకరా కలిపి, నీళ్ళు కొట్టి, దిమ్మిసతో కొట్టి గట్టిచెయ్యండి. పొర పొరకీ చెయ్యాలి," అన్నాడు. ఎవరో విరిగిన సగం ఇటుకలిచ్చారు, అంచులు కట్టారు. ఎవరో వెదుళ్ళు కొట్టుకొచ్చారు, పక్కన పట్టుకోవడానికి కటకటాలు పాతారు. మాస్టారు ఒక వెదురు పట్టుకుని ఊపి చూసి, కదులుతోందని మళ్ళీ పాతించాడు.

సాయంత్రం అందరూ మజ్జిగ తాగుతుంటే సాలేహా ఆయన పక్కకి కుర్చీ జరుపుకుంది. థ్యాంక్స్ చెప్పలేదు. ఇద్దరూ ఆ తడిమట్టి వాలుని చూస్తూ కూర్చున్నారు. ఆ కూర్చోవడమే ఆమెకి ఎంతో తృప్తిగా ఉంది.

బడికి ఎదురింట్లో మాణిక్యమ్మ అనే పెద్దావిడ ఈ పనంతా అరుగు మీద కూర్చుని చూసింది. ఎనభై దాటిన మనిషి. తుంటి విరిగినప్పటినుంచీ ఇనప వాకరు పట్టుకుని ఇంట్లోనే నాలుగడుగులు వేస్తుంది. ఆ తరవాత వచ్చిన ఏ ఎన్నికకీ ఆమె ఓటెయ్యలేదు. పోలింగు నాడు మనవలు కుర్చీ తెచ్చి, "రా మామ్మా, మోసుకెళ్తాం," అంటే తిట్టి పంపేదట. శివపార్వతి అడిగితే చెప్పింది: "నలుగురూ మొయ్యాల్సిన రోజు ఎట్టాగూ వస్తది గదమ్మా. ఓటు పేరు చెప్పి ముందే మోయించుకోవటమెందుకు?"

పోలింగు రోజు సాలేహా పొద్దున్నే విజయవాడలో తన ఓటు వేసి, తమ్ముడు జాహిద్ కారులో ఆ ఊరొచ్చింది. ఎండెక్కకముందే బడి ముందు వరస కట్టారు. మాణిక్యమ్మ ఉతికిన నేతచీర కట్టుకుని, వాకరు పట్టుకుని రోడ్డు దాటింది. మనవడు చెయ్యి పట్టుకోబోతే విదిలించింది. ర్యాంపు మొదట్లో ఆగి, పైదాకా ఒకసారి చూసింది. వాకరు ముందుకు వేసి ఒక అడుగు, వేసి ఒక అడుగు. మలుపు దగ్గర వెదురు పట్టుకుని ఊపిరి తీసుకుంది. వరసలో అందరూ ఆమె వైపే తిరిగారు. "కానీండి, కానీండి, నన్ను చూస్తారేంటి," అని కసిరి మళ్ళీ బయల్దేరింది. ముందు గుమ్మం లోంచి లోపలికెళ్ళింది.

బయటికొచ్చాక సిరా చుక్క పెట్టిన వేలు ఎండలోకి చాపి చూసుకుంది. తరవాత సాలేహా కుర్చీ దగ్గరికొచ్చి, ఆమె తల మీద చెయ్యేసింది.

"నువ్వేనంటగా ఇది చేయించింది."

"ఊరంతా కలిసి చేసింది మామ్మగారూ."

"ఊరు నాకు తెలియదా అమ్మా? చెప్పేవాళ్ళుంటే చేస్తది. లేకపోతే ఇన్నేళ్ళూ ఎందుకు చెయ్యలా?" అని, "చల్లగా ఉండు. మా ఇంట్లో అన్నం తిని వెళ్ళు," అంది.

ఆ మధ్యాహ్నం మాణిక్యమ్మ ఇంట్లో గోంగూర పచ్చడీ, ముద్దపప్పూ తింటూ సాలేహా ఒక సంగతి గమనించింది. తనకి ఇన్నాళ్ళూ థ్యాంక్స్ చెప్పడమే అలవాటు. తీసుకోవడం ఇంత హాయిగా ఉంటుందని తెలియదు. ఇచ్చినావిడ ఎక్కడా తగ్గలేదు, పుచ్చుకున్న తనూ పెరగలేదు. రత్తయ్య గుర్తొచ్చాడు. ఆయన చేతులు గుర్తొచ్చాయి. చదువుకునే రోజుల్లో ఆయన్ని చూస్తే కలిగిన చిన్నతనం ఇప్పుడు లేదు, ప్రేమొక్కటే మిగిలింది. తిరుగుదారిలో జాహిద్‌ని కొండపల్లి వైపు పోనిమ్మని, రత్తయ్య ఇంటికెళ్ళి కూర్చుంది. ఆయన మోకాలింకా నొప్పిపెడుతూనే ఉందట. "లెక్చరరమ్మ మా ఇంటికొచ్చింది," అని వీధిలోవాళ్ళని పిలిచి చూపించుకున్నాడు.

ఎన్నికలయ్యాక శివపార్వతి ఆ ర్యాంపు ఫోటోలూ, కొలతలూ పైఅధికారులకి పంపింది. బడిగదుల కొత్త ఎస్టిమేట్ల మీద బందరులో మీటింగు పెట్టినప్పుడు సాలేహాని కూడా పిలిపించింది. అక్కడా ఒక పెద్దాయన అడగనే అడిగారు. "మీ ఆశయం మంచిదేనమ్మా. కానీ ఎంతమంది ఉంటారండీ ఇలాంటివాళ్ళు?"

సాలేహా ప్రసంగం చెయ్యలేదు. పవన్‌కుమార్ వేసిన ఆస్పత్రి బొమ్మల్ని బల్ల మీదుగా ఒక్కొక్కటే అందించింది. ఆ పెద్దాయన సెలైను సీసా బొమ్మ దగ్గర ఆగిపోయారు. "మా నాన్నగారిని పోయినేడు ఇట్టాగే తీసుకెళ్ళాం," అన్నారు, ఎవరితో అంటున్నారో తెలియనట్టుగా. ఆ సాయంత్రానికి, ఆ డివిజన్లో ఇకముందు కట్టే ప్రతి బడిగదికీ ముందువైపే ర్యాంపు డ్రాయింగులో ఉండాలనీ, లేకపోతే ఎస్టిమేటు పాస్ చెయ్యకూడదనీ నిర్ణయమైంది. శివపార్వతి మీటింగు హాల్లోంచి బయటికొచ్చాక సాలేహా భుజం మీద తల పెట్టి బావురుమంది. పద్దెనిమిదేళ్ళప్పుడు కూడా ఆమె ఏడవడం సాలేహా చూడలేదు.

వానలు మొదలయ్యాక ఆ ఊరి బడి హెడ్మిస్ట్రెస్ అమలమ్మగారు రమ్మని కబురు పెట్టింది. ర్యాంపు మీద పంచాయతీవాళ్ళు సిమెంటు చేయించారట. సాలేహా, శివపార్వతి వెళ్ళి చూస్తే వరండాలో చేతులతో తిప్పే మూడుచక్రాల బండి ఒకటి ఆగి ఉంది. నాలుగో తరగతి గదిలో మొదటి వరసలో రెండు జడల పిల్ల కూర్చుని ఉంది. పేరు చిన్ని. కాళ్ళలో బలం లేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ చంకనేసుకుని బడికి తెచ్చేదట. ఎత్తుకోలేనంత బరువయ్యాక బడి మానిపించేసింది. ఇప్పుడు తనే బండి తిప్పుకుంటూ వస్తోంది.

అమలమ్మగారు ఆ పిల్లని పిలిచి, "మేడమ్‌గారికి నమస్కారం పెట్టు. నీ కోసం దారి వేయించింది ఈవిడే," అంది.

చిన్ని నమస్కారం పెట్టింది. తరవాత సాలేహా కుర్చీని పైనుంచి కిందిదాకా పరీక్షగా చూసింది. "మీ చక్రాలు నా బండి కన్నా బాగా తిరుగుతయ్యా?" అని అడిగింది.

"తిరుగుతాయి. కానీ నీ బండిలాగా స్పీడు రాదు."

చిన్ని ఒప్పుకుంటున్నట్టు తలూపి, అసలు సంగతికి వచ్చింది. "మరి స్టేజీకి కూడా వేస్తారా? ఆగస్టు పదిహేనుకి ప్రైజులు దాని మీదే ఇస్తారంట."

"చిన్నీ," అని అమలమ్మగారు మందలించబోయింది. సాలేహా చెయ్యి అడ్డం పెట్టింది. ఆ పిల్ల గొంతులో బతిమాలడం లేదు, మొహమాటం లేదు. బల్ల కావాలన్నట్టు, పలక కావాలన్నట్టు అడిగింది. సాలేహా కళ్ళు చెమర్చాయి.

"నీకు ప్రైజొస్తుందని తెలుసా?"

"పద్యాల్లో వస్తది."

శివపార్వతి అప్పటికే సంచిలోంచి టేపు తీసింది. ఒక కొస చిన్ని చేతికిచ్చి, స్టేజీ అంచున పట్టుకోమంది. చినుకులు పడుతున్నా ముగ్గురూ కొలతలు తీసుకున్నారు.

స్టేజీకి దారి ఆగస్టు నాటికి తయారైంది. పద్యాల్లో చిన్నికి రెండో బహుమతి వచ్చింది. మొదటిది రావాల్సిందని, కందపద్యం ఒక్కచోట కూడా తప్పలేదని, ఆ పిల్ల అమలమ్మగారి మీద వారం రోజులు అలిగిందట. ఆ సంగతి ఫోనులో విని సాలేహా స్టాఫ్‌రూములో ఒక్కతే చాలాసేపు నవ్వుకుంది.